తరగతిలో పిల్లల నమ్మకాన్ని ఎలా సంపాదించుకోవాలి: కొత్తగా బడిలో చేరిన ఉపాధ్యాయులకు

2024 డీఎస్సీలో ఎంపికై ఉమ్మడి వరంగల్ జిల్లాలోని బడుల్లో చేరిన యువ ఉపాధ్యాయులతో మాట్లాడుతున్నప్పుడు ఒక బాధ తరచుగా వినిపిస్తుంది. పాఠం చక్కగా తయారు చేసుకుని వెళ్తున్నామని, బోధనోపకరణాలు కూడా సొంత ఖర్చుతో చేసుకుంటున్నామని, అయినా పిల్లలు వింటున్నట్టు కూర్చుంటారే తప్ప నోరు విప్పరని, సందేహం అడగరని వారంటారు. ఆ పిల్లలకు ఆసక్తి లేదని తేల్చేయకండి. తప్పు చెప్తే ఏమవుతుందో, తెలియదంటే నలుగురిలో ఏ మాట పడాల్సి వస్తుందో మీ విషయంలో వారికి ఇంకా తెలియదు. తెలిసేదాకా మౌనంగా ఉండడమే మంచిదని కింది తరగతుల్లోనే వారు నేర్చుకుని వచ్చారు.

ఉపాధ్యాయునికీ విద్యార్థికీ మధ్య సంబంధాన్ని పాఠం ముగిశాక మిగిలిన సమయంలో పెంచుకోవచ్చునని చాలామంది అనుకుంటారు. నిజానికి అది హాజరు పిలిచే తీరులో, ప్రశ్న వేసి ఆగే తీరులో, నోటుపుస్తకం దిద్దే తీరులో, తప్పు జరిగినప్పుడు మాట్లాడే తీరులో రోజూ కొంత పెరుగుతూనో తరుగుతూనో ఉంటుంది. అందుకే ఈ సూచనలను బడి సంవత్సరం నడిచే వరుసలోనే, జూన్ నుంచి ఏప్రిల్ దాకా చెప్తున్నాను. అన్నీ ఒకేసారి మొదలుపెట్టనక్కరలేదు. మొదటి పనిని మాత్రం వాయిదా వేయకండి.

1. జూన్‌లో పేర్లు, ఇళ్లు తెలుసుకోండి

బడి తెరిచిన మొదటి వారంలో పిల్లలందరి పేర్లు నోటికి రావాలి. ఉన్నత పాఠశాలలో నాలుగైదు సెక్షన్లకు పాఠం చెప్పే స్కూల్ అసిస్టెంట్‌కు అది ఒక వారంలో సాధ్యం కాదు కాబట్టి, ఎవరు ఏ బెంచీలో కూర్చుంటారో ఒక కాగితం మీద గీసుకుని, రోజుకు ఒక వరుస చొప్పున గుర్తుపెట్టుకోండి. హాజరు తీసుకునేటప్పుడు రోల్ నంబరు పిలవకుండా పేరు పిలిచి, పలికిన బిడ్డ ముఖం వైపు ఒక్క క్షణం చూడండి. రిజిస్టరులో ఒక పేరు, పిల్లలు పిలుచుకునే పేరు మరొకటి ఉండడం మన ఊళ్లలో మామూలే. ఏ పేరుతో పిలిస్తే ఇష్టమో ఆ బిడ్డనే అడగండి. తోటి పిల్లలు ఎగతాళికి పెట్టిన పేరును మాత్రం మీరు ఎన్నడూ నోట పలకకండి.

తరువాత ఒక నోటుపుస్తకం తీసుకుని ఒక్కో విద్యార్థికి ఒక్కో పేజీ కేటాయించండి. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, బిడ్డ ఎవరి దగ్గర పెరుగుతోంది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, బడికి ఎంత దూరం నుంచి వస్తుంది, దేనిలో చురుకు, దేనికి భయం, ఇవన్నీ ఆ పేజీలో చేరాలి. ఈ వివరాలను తరగతిలో అందరి ముందూ నిలబెట్టి అడగకూడదు. జూన్‌లో బడిబాట కోసం ఎలాగూ ఇల్లిల్లూ తిరుగుతారు కాబట్టి, కొత్తగా చేరే పిల్లల పేర్లు రాసుకుని వచ్చేయకుండా, ఇప్పటికే మీ దగ్గర చదువుతున్న బిడ్డ ఇంటి ముందు కూడా ఐదు నిమిషాలు ఆగండి. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి మాట్లాడితే తెలిసే సంగతులు ఏ దరఖాస్తు ఫారంలోనూ ఉండవు.

ఉత్తర తెలంగాణలో ఈ పని మరీ అవసరం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు చాలా ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. తల్లి బీడీలు చుడుతూ ఇల్లు నడుపుతుంది. మగ్గాల పని కోసం తల్లిదండ్రులు భివండీకో సూరత్‌కో పోతే అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునే పిల్లలున్నారు. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోతుంటే, ఆదివారమైనా ఆ ఇంటి పిల్లవాడు గట్టిగా చదువుకోలేడు. ఈ సంగతులు తెలియని ఉపాధ్యాయుడు కోపంలో "రేపు మీ బాపును తీసుకొని రా, అప్పుడే లోపలికి రానిస్తా" అంటాడు. దుబాయిలో ఉన్న తండ్రిని ఆ బిడ్డ ఎక్కడి నుంచి తేవాలి? తండ్రి చనిపోయిన బిడ్డ అయితే ఏం చెప్పాలి? ఒక్క పేజీ రాసుకుని ఉంటే ఆ మాట నోటి నుంచి వచ్చేది కాదు.

2. బిడ్డ ఇంటి మాటను గౌరవించండి

ఐదో తరగతి పిల్లవాడు లేచి "సార్, నిన్న మా నాయిన్తోని పత్తి ఏరనీకి పోయిన, గందుకే రాలే" అన్నాడనుకోండి. ఆ వాక్యంలో ఒక కారణం ఉంది, కొంత సంకోచం ఉంది, నిజం చెప్పే ధైర్యం ఉంది. మీరు దానికి జవాబుగా "పోయిన కాదు, వెళ్లాను అనాలి" అంటే, తన సంగతి కంటే తన మాటల్లోని తప్పే మీకు ముఖ్యమని వాడికి అర్థమవుతుంది. ముందు సంగతి వినండి, దానికి జవాబు చెప్పండి. పుస్తకాల భాష నేర్పవలసిందే, అయితే దానికి రాత పని ఉంది, చదివించే గంట ఉంది. వరంగల్‌కు చెందిన కాళోజీ నారాయణరావు పుట్టిన రోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే బడిలో, మిగిలిన రోజుల్లో ఆ భాష మాట్లాడిన పిల్లలను నవ్వులపాలు చేయడం చాలా అన్యాయం.

తండాల నుంచి, కోయగూడేల నుంచి వచ్చే పిల్లల విషయం ఇంకా సున్నితమైనది. ఇంట్లో తల్లిని యాడి అని పిలిచే లంబాడీ బిడ్డకు ఒకటో తరగతిలో వినిపించే తెలుగు దాదాపు కొత్త భాష. ఆ బిడ్డ పలకకపోతే మొద్దు అనే ముద్ర వేయడం చాలా తేలిక. దానికి బదులు, ఆ భాషలో నీళ్లు, అన్నం, రా, కూర్చో, ఆకలి, నొప్పి వంటి ఇరవై ముప్పై మాటలు పై తరగతి పిల్లలను అడిగి నేర్చుకోండి. మహబూబాబాద్, ములుగు జిల్లాల్లో పనిచేసేవారికి ఇది మొదటి నెలలోనే చేయవలసిన పని. ఉపాధ్యాయుడు తన భాషలోని మాటను తడబడుతూ పలుకుతుంటే సరిచేసే అవకాశం దొరికిన పిల్లవాడు మర్నాడు తెలుగులో తప్పుగా పలకడానికి వెనుకాడడు.

3. నియమాలు కొన్నే పెట్టండి, అందరికీ ఒకేలా పాటించండి

నాలుగైదు నియమాలు చాలు. వాటిని పిల్లలతో చర్చించి గోడ మీద రాయండి, మీరు కూడా పాటించండి. గంట కొట్టిన పది నిమిషాలకు తరగతికి వచ్చే ఉపాధ్యాయుడు ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిని బయట నిలబెట్టలేడు. చేయలేని శిక్షతో బెదిరించకండి. చేస్తానన్న మేలును మరిచిపోకండి. శనివారం ఆటల గంట ఇస్తానని చెప్పి సిలబస్ పేరుతో రద్దు చేస్తే, మీరు మరిచినా పిల్లలు మరవరు.

పక్షపాతాన్ని పిల్లలు మనకంటే ముందే పసిగడతారు. మీరు ఎవరిని తరచుగా లేపుతున్నారో, ఎవరికి చాక్‌పీసు తెమ్మని పని చెప్తున్నారో, ఎవరి నోటుపుస్తకం ముందు దిద్దుతున్నారో ఒక వారం పాటు గమనించి రాసుకోండి. తరగతి ఊడ్చే పని ఎప్పుడూ ఆడపిల్లలకే పడుతోందా? నీళ్ల బిందె ముట్టుకునే పని, ప్లేట్లు కడిగే చోటును శుభ్రం చేసే పని ఏ ఇళ్ల పిల్లలకు పడుతోంది? కులాన్ని బట్టి పనులు పంచుతున్నామని ఎవరూ ఒప్పుకోరు, కాని ఆ పట్టిక రాసి చూస్తే కొన్ని బడుల్లో తల దించుకోవలసి వస్తుంది. పేర్లను వరుసగా రాసి, బాలురు బాలికలు అనే తేడా లేకుండా, ఏ ఇంటి వారైనా సరే వంతులు వేయడం ఒక్కటే దీనికి మార్గం.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలంలో కుల ధ్రువీకరణ పత్రం ఎవరు తెచ్చారు, ఎవరు తేలేదు అని తరగతిలో ఎస్సీ, ఎస్టీ, బీసీ అంటూ పేర్లు గట్టిగా చదవడం చాలా చోట్ల అలవాటైపోయింది. ప్రైవేటు బడుల్లో ఫీజు బాకీ ఉన్నవారిని నిలబెట్టడం కూడా అంతే. చదివేవారికి అది రెండు నిమిషాల ఆఫీసు పని. నిలబడిన బిడ్డకు మాత్రం ఆ ఏడాదంతా వెంటాడే అవమానం. చీటీ రాసి మడిచి చేతికివ్వండి, లేదా విరామంలో ఒక్కరినే పిలిచి చెప్పండి.

4. పాఠంలోనే చోటు ఇవ్వండి

ప్రశ్న వేసిన వెంటనే చేతులెత్తిన ఇద్దరు ముగ్గురితో పాఠం ముందుకు నడిపించడం సులువు. మిగిలినవారు ఆ తరగతిలో ప్రేక్షకులుగా మిగిలిపోతారు. అమెరికాకు చెందిన సైన్సు విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970 దశకంలో తరగతి గదులను పరిశీలించి, ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లో అంతకు మించో ఆగితే ఎక్కువమంది పిల్లలు, ఇంకా పెద్ద జవాబులతో ముందుకు వస్తున్నారని చూపారు. ప్రశ్న వేసి మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. మొదట్లో ఆ మౌనం ఇబ్బందిగా అనిపిస్తుంది, అలవాటు కానివ్వండి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న బిడ్డకు ఆ కొద్ది సెకన్లు మరీ అవసరం.

తప్పు జవాబు వస్తే "కాదు, కూర్చో" అని ఆపేయకుండా, అది ఎలా వచ్చిందో అడగండి. 42 లోంచి 17 తీసివేసి 35 అని చెప్పిన పిల్లవాడు ఏడులోంచి రెండు తీసేశాడు. అంటే చిన్న అంకెను పెద్ద అంకె నుంచి తీసేయాలని ఎక్కడో గట్టిగా నేర్చుకున్నాడు. "నాలుగులోంచి ఒకటి సరిగానే తీసేసినవ్, ఒకట్ల దగ్గర ఏం చేసినవో చూపించు బిడ్డా" అంటే, వాడు నల్లబల్ల దగ్గరికి వచ్చి తన ఆలోచనను చూపిస్తాడు, అదే తప్పు చేసిన మరో పదిమందికి కూడా అక్కడే అర్థమవుతుంది. మెచ్చుకునేటప్పుడు కూడా ఏది బాగుందో చెప్పండి. అందరికీ ఒకే రకంగా రాసే "గుడ్" కంటే, "ఈ వారం కొమ్ము దీర్ఘాలు సరిగా రాశావు" అని నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాస్తే పిల్లలు దాన్ని ఇంట్లో చూపిస్తారు.

5. బడికి రాని బిడ్డ తిరిగి వచ్చిన రోజు

ఉత్తర తెలంగాణలో అక్టోబరు నుంచి జనవరి దాకా పత్తి ఏరే కాలం. ఏరినంత పత్తికి కిలోల లెక్కన కూలి కడతారు కాబట్టి ఇంట్లో ఎన్ని చేతులుంటే అంత ఆదాయం. ఆ తరువాత మిరప ఏరడం మొదలవుతుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే మేడారం జాతరకు కుటుంబాలు బయల్దేరితే పిల్లలూ వెళ్తారు. ఈ రోజుల్లో హాజరు పట్టికలో గైర్హాజరులు పెరుగుతాయి, వాటిలో ఆడపిల్లల పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి.

ఎనిమిదో తరగతి అమ్మాయి పన్నెండు రోజుల తరువాత బడికి వచ్చి, ఎప్పుడూ కూర్చునే రెండో బెంచీ వదిలి వెనక్కి వెళ్లి కూర్చుందనుకోండి. వేళ్ల కొనల మీద పత్తికాయ ముళ్లు గీరిన గాట్లు ఉంటాయి. నోట్సు రాయలేదు, మధ్యలో జరిగిన ఫార్మేటివ్ పరీక్ష రాయలేదు. ఆ రోజు మీరు అనే మొదటి మాట, ఆ అమ్మాయి పదో తరగతి దాకా బడికి వస్తుందా లేదా అనే దానిపై ప్రభావం చూపుతుంది. "ఇన్ని రోజులు ఏడికి పోయినవ్?" అనే ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉన్నా, అందరి ముందూ చెప్పలేదు. "వచ్చినవా అమ్మా, మంచిది, నీ జాగల కూర్చో" అని పిలిచి పాఠం మొదలుపెట్టండి. విరామంలో పక్కకు పిలిచి ఏయే పాఠాలు పోయాయో కలిసి చూడండి. అన్ని నోట్సులూ రాసుకుని రమ్మనడం శిక్ష అవుతుంది. ప్రతి సబ్జెక్టులో తప్పనిసరైన భాగాన్ని మాత్రం గుర్తుపెట్టి ఇచ్చి, చక్కగా రాసే ఒక స్నేహితురాలిని జత చేసి, పోయిన పరీక్షను వారం తరువాత పెట్టండి.

ఏటా జరిగేదే కాబట్టి సెప్టెంబరులోనే సిద్ధం కావచ్చు. ఏయే ఇళ్లలో పిల్లలను చేనుకు తీసుకెళ్తారో మీ నోటుపుస్తకంలో ఉంటుంది. దసరా సెలవులకు ముందే ఆ తల్లిదండ్రులతో మాట్లాడి, ఆదివారాలు, సెలవు రోజులు వదిలి మిగిలిన రోజుల్లో బడికి పంపమని అడగండి. పూర్తిగా వినకపోయినా పన్నెండు రోజులు ఐదు రోజులు కావడం చిన్న విషయం కాదు.

6. తప్పు జరిగినప్పుడు

విద్యా హక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కొట్టడం మానేసిన ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు, రెండోదాని మీద మాత్రం మనకు ఇంకా శ్రద్ధ రాలేదు. పోల్చడం, ఇంటివారిని కించపరచడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, పేరు పెట్టి వెక్కిరించడం ఇవన్నీ ఆ సెక్షన్ ఉద్దేశానికి విరుద్ధమే. బెత్తం లేకపోతే పిల్లలు మాట వినరని మీకు ఎవరైనా పాత సహోద్యోగి చెప్పవచ్చు. బెత్తానికి భయపడి మాట వినే పిల్లవాడు సందేహం అడగడానికి కూడా భయపడతాడని ఆయనకు వినయంగానే చెప్పండి.

గొడవ జరిగినప్పుడు పాటించవలసిన వరుస ఇది. ముందు గొడవను ఆపండి, తీర్పు అప్పుడే ఇవ్వకండి. ఇద్దరినీ విడివిడిగా పిలిచి, ఏం జరిగిందో పూర్తిగా చెప్పనివ్వండి. తరువాత నష్టం ఎవరికి జరిగిందో, దాన్ని ఎలా సరిచేస్తావో తప్పు చేసినవాడినే అడగండి. చించిన పుస్తకానికి అట్ట వేసి ఇవ్వడం వంటి పని, వంద సార్లు గుంజీలు తీయడం కంటే ఎక్కువ నేర్పుతుంది. మర్నాడు ఆ సంగతి మళ్లీ ఎత్తకండి. నిన్నటి తప్పును ఈ రోజు హాజరు పిలిచేటప్పుడు గుర్తుచేసే ఉపాధ్యాయుడి దగ్గర మారి కూడా ప్రయోజనం లేదని పిల్లవాడు అనుకుంటాడు.

మీరే పొరపాటు పడి ఒకరిని అకారణంగా తిడితే, ఎవరి ముందు తిట్టారో వారి ముందే "నేను తొందరపడ్డ, నీ తప్పు లేదు" అని చెప్పండి. పక్కకు పిలిచి చెప్తే సరిపోదు.

ఎంత చేసినా దారికి రాని పిల్లవాడు ప్రతి తరగతిలో ఒకరిద్దరు ఉంటారు. అలాంటివారితో వరుసగా పది బడి రోజులు, రోజుకు రెండు నిమిషాలు, చదువు గురించీ ప్రవర్తన గురించీ ఎత్తకుండా మాట్లాడండి. వాళ్ల మేకల గురించి కావచ్చు, క్రికెట్ గురించి కావచ్చు, బతుకమ్మకు తంగేడు పువ్వు ఎక్కడ దొరుకుతుందో కావచ్చు. మొదటి మూడు నాలుగు రోజులు ఒక్క మాటలో జవాబు చెప్పి తప్పించుకుంటాడు. ఆపకండి.

7. తల్లిదండ్రులకు మొదటి ఫోను మంచి మాటతో చేయండి

తల్లిదండ్రులను కలిసి బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి తెలియజేయడం విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుని విధి. బడి నుంచి ఫోను వస్తే ఏదో ఫిర్యాదేనని భయపడే తల్లికి, "అమ్మా, మీ బిడ్డ ఇయ్యాల పద్యం మంచిగ చదివింది, మీకు చెప్దామని చేసిన" అని ఒక్కసారి చెప్పి చూడండి. తరువాత నిజంగా సమస్య వచ్చినప్పుడు ఆ తల్లి మీ మాట వింటుంది. సమావేశాన్ని పగటి పూట పెడితే కూలికి పోయేవారు ఒక రోజు కూలి వదులుకోవాలి. ఉదయం పనికి బయల్దేరే ముందో సాయంత్రమో పెట్టండి. ఇంట్లో కొడతారని తెలిసిన చోట ఫిర్యాదు చేసేముందు రెండు సార్లు ఆలోచించండి. మీరు మానేసిన దెబ్బను మీ మాట వల్ల ఇంట్లో పడేలా చేయకూడదు.

8. హద్దులు పాటించండి

దగ్గరితనానికి హద్దులు ఉండాలి. విద్యార్థులతో ఒంటరిగా మూసిన గదిలో మాట్లాడకండి, తలుపు తెరిచి ఉంచండి. రాత్రి వేళ వాట్సాప్‌లో ఒక్క విద్యార్థికి విడిగా సందేశాలు పంపకండి. అవసరమైతే తల్లిదండ్రుల నంబరుకే పంపండి. మీ ఇంటి కష్టాలను పిల్లల మీద వేయకండి.

నమ్మకం కుదిరాక ఒక బిడ్డ తనపై జరుగుతున్న లైంగిక వేధింపు గురించి మీకే మొదట చెప్పవచ్చు. "ఎవ్వరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, ఎందుకంటే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. "నువ్వు చెప్పింది మంచి పని, నీ తప్పు ఏమీ లేదు, సహాయం చేయగలిగేవాళ్లకు మాత్రమే చెప్తా" అనండి. గుచ్చి గుచ్చి అడగకండి, స్టాఫ్‌రూములో చర్చించకండి, బిడ్డ పేరు బయటకు పొక్కనివ్వకండి. పిల్లల సహాయం కోసం 1098 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ నంబరును తరగతి గోడ మీద జూన్‌లోనే రాసి ఉంచండి.

9. ఏప్రిల్‌లో, బదిలీ సమయంలో

ఒంటిపూట బడులు మొదలయ్యాక అందరి దృష్టీ సమ్మేటివ్ పరీక్షల మీదకు పోతుంది. ఆ హడావుడిలోనే ఒక గంట తీసి, ఈ ఏడు ఏది బాగా అర్థమైంది, ఏది కాలేదు, నేను ఏం మార్చుకోవాలి అని మూడు ప్రశ్నలు ఇచ్చి, పేరు రాయకుండా జవాబు రాయమనండి. వచ్చిన జవాబుల్లో ఒకదానినైనా మర్నాటి నుంచే పాటించి, అది వారి మాట వల్లే చేస్తున్నానని చెప్పండి.

బదిలీ అయితే చివరి రోజు దాకా దాచకుండా వారం ముందే పిల్లలకు చెప్పండి. మీ తరువాత వచ్చే ఉపాధ్యాయునికి అప్పగించడానికి, మీ నోటుపుస్తకంలోంచి ప్రతి బిడ్డ గురించి రెండు మూడు వాక్యాలు విడిగా రాయండి. ఎవరికి ఏ పద్ధతి పనిచేసిందో, ఎవరికి కంటి చూపు సరిగా లేదో, పత్తి కాలంలో ఎవరిని కనిపెట్టుకుని ఉండాలో అందులో ఉండాలి. అల్లరి, మొద్దు, సోమరి వంటి మాటలు అందులో ఉండకూడదు. బిడ్డ మిమ్మల్ని నమ్మి చెప్పుకున్న సొంత సంగతుల్లో, రక్షణకు అవసరమైనవి తప్ప మిగిలినవాటిని ఆ కాగితాల్లోకి ఎక్కించకండి.